కోనసీమ తిరగడానికి ఏ లెన్స్ కొనాలి?

గోదావరి డెల్టాకు కెమెరాతో బయల్దేరేవాళ్ళలో చాలామంది ఒకే పొరపాటు చేస్తారు. నది వెడల్పు, పొలం వెడల్పు, ఆకాశం వెడల్పు, కాబట్టి లెన్స్ కూడా వెడల్పుదే కావాలనుకుంటారు. 10-18 మి.మీ. వైడ్ లెన్స్ కొని చించినాడ వంతెన దగ్గర నిలబడి నొక్కుతారు. ఇంటికొచ్చి చూసుకుంటే పైన సగం తెల్లటి ఆకాశం, కింద సగం బూడిదరంగు నీళ్ళు, మధ్యలో దారంపోగంత పచ్చగీత. కళ్ళెదుట అంత నిండుగా కనిపించిన కొబ్బరితోట ఆ గీతే.

ఎందుకలా అయిందో లెక్క వేస్తే తెలుస్తుంది. అవతలి గట్టు కిలోమీటరు దూరంలో ఉందనుకోండి, చెట్టు ఎత్తు 20 మీటర్లనుకోండి. 18 మి.మీ. లెన్స్‌తో తీస్తే సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద ఆ చెట్టు 0.36 మి.మీ. ఎత్తు పడుతుంది. మామూలు కెమెరాల్లో ఎక్కువగా ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సర్ ఎత్తు సుమారు 15.6 మి.మీ. అంటే ఫొటో ఎత్తులో నలభయ్యో వంతు కూడా రాదు. అదే చోట నిలబడి 135 మి.మీ.తో తీస్తే 2.7 మి.మీ., ఫొటోలో ఆరో వంతు. 200తో నాలుగో వంతు. అప్పుడది తోటలా కనిపిస్తుంది.

అరకులోనో పాపికొండల్లోనో కొండలు నిలువుగా లేచి ఫ్రేమును నింపుతాయి. ధవళేశ్వరం దిగువన నిలువుగా లేచేవి కొబ్బరిచెట్టు, గుడి గోపురం, వంతెన, పడవ తెరచాప. మిగతా నేలంతా చాపలా పరుచుకుని ఉంటుంది. అందుకే ఇక్కడ ఆరుబయట 50 నుంచి 135 మి.మీ. మధ్య లెన్స్‌కు పని ఎక్కువ. వైడ్ లెన్స్ అవసరమయ్యేది ఇళ్ళలోపల, ఇరుకు సందుల్లో, చెట్ల కింద, పడవ గదిలో. కొనే ముందు ఈ సంగతి గట్టిగా మనసులో పెట్టుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

(ఇక్కడి అంకెలన్నీ ఏపీఎస్-సీ కెమెరాలకు, అంటే నికాన్ డి3500, డి5600, సోనీ 6000 వరుస, ఫుజి ఎక్స్ వరుస లాంటివాటికి. ఫుల్ ఫ్రేమ్ (ఇంకా పెద్ద సెన్సరున్న కెమెరా) అయితే లెన్స్ మీద మి.మీ.లలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌ను ఒకటిన్నరతో గుణించుకోండి. కెనాన్ 1500డి, 200డి, ఆర్50లకు సెన్సర్ ఇంకాస్త చిన్నది, గుణకం 1.6.)

1. మీ కెమెరాకు ఏది బిగుస్తుందో ముందు తేల్చుకోండి

పాత లెన్స్ చవగ్గా దొరికిందని కొని, ఇంటికొచ్చాక ఫోకస్ కావట్లేదని తల పట్టుకునేవాళ్ళు ఉన్నారు. నికాన్ డి3000, డి5000 వరుసల బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. ఏఎఫ్-డి అని రాసి ఉన్న పాత లెన్స్ వాటికి బిగుస్తుంది గానీ ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. ఏఎఫ్-ఎస్ ఉంటే ఇబ్బంది లేదు. ఏఎఫ్-పీ లెన్సులది ఇంకో తంటా: డి90, డి3100, డి5100 లాంటి పాత బాడీల మీద అవి ఫోకస్ కావు, చేత్తో తిప్పినా కావు. కెనాన్‌లో ఈఎఫ్-ఎస్ లెన్స్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కు బిగవదు. కెనాన్ ఆర్ వరుస మిర్రర్‌లెస్ బాడీకి పాత ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు అడాప్టర్‌తో చక్కగా పనిచేస్తాయి, కాబట్టి కొత్త బాడీ కొన్నారని పాతవి తెగనమ్ముకోవద్దు.

2. మీ పాత ఫొటోలు లెక్కపెట్టండి

దుకాణానికి వెళ్ళే ముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. గత ఏడాదిలో తీసినవాటిలో మీకు నచ్చిన 200 ఫొటోలు ఒక ఫోల్డరులో వేయండి. ప్రతి ఫొటో వివరాల్లో ఫోకల్ లెంగ్త్ ఉంటుంది. విండోస్‌లో అయితే ఫోల్డరును వివరాల వరుసగా పెట్టి ఫోకల్ లెంగ్త్ గడిని చేర్చుకుంటే అన్నీ ఒక్కసారే కనిపిస్తాయి. కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్స్‌తో తీసినవైతే వాటిని నాలుగు కుప్పలు చేయండి: 18-24, 25-40, 41-54, సరిగ్గా 55.

55 కుప్ప మూడో వంతు దాటితే మీ జూమ్ మీకు చాలట్లేదని అర్థం. ఇంకా దగ్గరికి లాగాలనుకున్నారు, రింగు అక్కడ ఆగిపోయింది. 18 కుప్ప పెద్దదైతే వెంటనే వైడ్ లెన్స్ కొనకండి. ఆ ఫొటోలు తెరిచి చూసి, ఇంట్లో తీసినవెన్ని, బయట తీసినవెన్ని లెక్కించండి. బయట తీసినవే ఎక్కువైతే, వాటిలో మీకు కావలసింది ఫొటోలో ఎంత భాగం ఉందో చూడండి. చాలావాటిలో మధ్యముక్క కత్తిరిస్తేనే ఫొటో బాగుంటుంది. అలాంటప్పుడు కొత్తగా కొనాల్సింది పొడవు లెన్స్.

ఇంకా అనుమానం తీరకపోతే ఉన్న 18-55 జూమ్ రింగుకు టేపు అంటించి, ఒక సాయంత్రమంతా 35 దగ్గర, మరో సాయంత్రం 55 దగ్గర కదలకుండా తీయండి. ఊళ్ళో ఏ కాలవగట్టయినా సరిపోతుంది. ఏ దూరంలో మీ కాళ్ళు వాటంతటవి ఆగుతున్నాయో తెలిసిపోతుంది.

3. ఏం తీయబోతున్నారో రాసి, దూరాలు వేయండి

ఇదే అసలు పని. సూత్రం ఒక్కటే: ఫ్రేములో పట్టే వెడల్పు అంటే దూరాన్ని సెన్సర్ వెడల్పుతో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగించడం. సెన్సర్ వెడల్పు ఏపీఎస్-సీకి 23.5 మి.మీ., ఫుల్ ఫ్రేముకు 36. ఫోనులో క్యాలిక్యులేటర్ చాలు.

ఏటిగట్టు, కాలవగట్టు, తోటలు. కొబ్బరిచెట్టుకూ చెట్టుకూ మధ్య సుమారు 25 అడుగుల ఎడం ఉంటుంది. దగ్గర నిలబడి 18తో తీస్తే ముందు చెట్టు లావుగా, రెండోది సన్నగా, మూడోది పుల్లలా వచ్చి తోట పలచగా కనబడుతుంది. అదే వరుసకు ఎదురుగా వందడుగులు వెనక్కి నడిచి 100 మి.మీ.తో తీయండి. మొదటి చెట్టుకూ అయిదో చెట్టుకూ సైజులో తేడా తగ్గి, మొదళ్ళన్నీ ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. ఇది లెన్స్ మాయ అనుకుంటారు గానీ, చేసేది దూరం. లెన్స్ ఆ దూరం నుంచి కావలసిన ముక్కను కత్తిరించి ఇస్తుంది, అంతే.

రాజమండ్రి ఆర్చి వంతెన కూడా అంతే. 1997లో రైళ్ళు మొదలైన ఆ వంతెనకు 28 కమానులు, ఒక్కోటి 97 మీటర్ల పైమాట. వంతెన మొదట్లో నిలబడి వైడ్‌తో తీస్తే రెండు కమానులు కనిపించి మిగతావి చుక్కలవుతాయి. ఘాట్ల మీద దూరంగా జరిగి ఏటవాలుగా 135 నుంచి 200తో తీస్తే అలల్లా ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. రాజమండ్రి తూర్పుగట్టున ఉంది, కొవ్వూరు పడమటి గట్టున ఉంది. కాబట్టి సూర్యుడు నీటిమీదుగా కుంగేది రాజమండ్రి వైపు నుంచే చూడాలి.

పొడవు లెన్స్‌కు ఇక్కడ ఒక శత్రువుంది. ఎండెక్కాక నీటి మీదా తారురోడ్డు మీదా గాలి మరిగినట్టు వణుకుతుంది. కిలోమీటరు అవతల ఉన్నది 200తో తీస్తే నీళ్ళలో తడిసిన కాగితంలా అంచులు కరిగి వస్తుంది. లెన్స్ బాగాలేదని దుకాణానికి తిరిగి వెళ్ళేవాళ్ళున్నారు. అది గాలి దోషం, ఎంత ఖరీదు లెన్స్ పెట్టినా పోదు. ఉదయం ఎనిమిది లోపు తీయండి, లేదా మబ్బు రోజున తీయండి.

పొలాలు. సార్వా ఊడ్పులప్పుడూ దాళ్వా ఊడ్పులప్పుడూ మడిలో వంగిన కూలీలు గట్టు మీద నిలబడ్డ మీకు 15-30 మీటర్ల దూరంలో ఉంటారు. 20 మీటర్ల దగ్గర 55 మి.మీ.తో ఎనిమిదిన్నర మీటర్ల వెడల్పు పడుతుంది, అంటే అయిదారుగురి వరుస. ఒక్కరి చేతుల్లో నారుకట్ట కావాలంటే 200 ఉండాలి, అప్పుడు 2.3 మీటర్లు. మడిలోకి దిగి నారు తొక్కకుండా, పని చెడగొట్టకుండా తీయడానికి ఇదొక్కటే దారి. అడిగి తీయండి.

జగ్గన్నతోట ప్రభలు. కనుమనాడు కోనసీమలోని ఈ తీర్థానికి ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నీళ్ళలోంచి దాటుతాయి. 12 మీటర్ల ఎత్తున్న ప్రభను కెమెరా నిలువుగా పట్టుకుని 18తో పూర్తిగా పట్టించాలంటే కనీసం 9 మీటర్లు వెనక్కి ఉండాలి, కింద మోసేవాళ్ళూ కాస్త ఖాళీ కావాలంటే 12. ఆ జనంలో పన్నెండు మీటర్లు దొరకవు, దొరికినా మధ్యలో తలలు. మీరు ముందే గట్టెక్కి 40 మీటర్ల దూరంలో చోటు చూసుకుంటే 50-60 మి.మీ. సరిపోతుంది. ప్రభ దాటేటప్పుడు మోసేవాళ్ళ ముఖాలకు 135. అంటే పది నిమిషాల్లో 18 నుంచి 135 దాకా అన్నీ కావాలి, ఆ దుమ్ములో తొక్కిసలాటలో లెన్స్ విప్పి మార్చే పని కుదరదు. సింగిల్ లెన్స్ జూమ్ ఎందుకు కొనాలో ఈ ఒక్క తీర్థం చూస్తే అర్థమవుతుంది. అంతర్వేది రథోత్సవానికీ ఇదే లెక్క.

ఆత్రేయపురం పూతరేకుల ఇళ్ళు. ఇక్కడ కథ తిరగబడుతుంది. గది పదడుగులు, అంటే మూడు మీటర్లు. నిలబడ్డ మనిషిని, 1.6 మీటర్ల ఎత్తనుకుంటే, నిలువు ఫ్రేములో పట్టించడానికి 50 మి.మీ. లెన్స్‌కు 3.4 మీటర్లు కావాలి. మీ వీపుకు గోడ తగిలాక కూడా చాలదు. 35కు 2.4 మీటర్లు, 24కు 1.6. ‘మొదటి ప్రైమ్ లెన్స్ (జూమ్ లేని, ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్నది) 50 ఎఫ్/1.8 కొనండి’ అని అందరూ చెప్పే మాట ఫుల్ ఫ్రేముకు సరే గానీ, ఏపీఎస్-సీ బాడీతో ఇళ్ళలోపల తిరిగేవాళ్ళకు సరిపోదు. 35 గానీ 24 గానీ తీసుకోండి.

పక్షులు. కోరింగ మడ అడవుల చెక్కబాట మీద పిట్టలు దగ్గరగానే ఉంటాయి కానీ కొమ్మల అడ్డం ఎక్కువ, వెలుతురు తక్కువ. 250 లేదా 300తో నెట్టుకురావచ్చు. కొల్లేరు వైపు ఆటపాకలో పెలికాన్‌లు ఉంటాయి. మీటరున్నర పక్షి 50 మీటర్ల దూరంలో ఉంటే 200తో ఫ్రేములో నాలుగో వంతు, 400తో సగం. కోరింగ నీటిపిల్లి (ఫిషింగ్ క్యాట్) కోసమే లెన్స్ కొనాలనుకుంటే మానుకోండి. అది తిరిగేది ఎక్కువగా రాత్రిపూట.

4. వెలుతురు చాలుతుందా చూడండి

కిట్ లెన్స్ జూమ్ చేసిన కొద్దీ అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, మూసుకుంటుంది. ఎఫ్ పక్క అంకె పెరిగిందంటే రంధ్రం చిన్నదైందని. 18 దగ్గర ఎఫ్/3.5, 55 దగ్గర ఎఫ్/5.6. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/2.8 నాలుగు రెట్ల వెలుతురు లోపలికి పంపుతుంది, ఎఫ్/1.8 దాదాపు పది రెట్లు. చీకటి వంటింట్లో కిట్ లెన్స్‌కు ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 6400 పడితే ఎఫ్/1.8కు 640 సరిపోతుంది. ఫొటోలో ఇసుక చల్లినట్టుండే మచ్చలకూ, ఒంటిరంగు శుభ్రంగా రావడానికీ మధ్య తేడా ఇదే.

ఎఫ్/1.8 కొన్నాక మాత్రం ఇంకో తప్పు జరుగుతుంది. 35 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/1.8 దగ్గర పెట్టి మీటరున్నర దూరంలో మనిషిని తీస్తే, స్పష్టంగా ఉండే లోతు 13 సెంటీమీటర్లే. పూతరేకు తీసేవారి ముఖానికీ, బోర్లించిన కుండ మీద తడిగుడ్డ లాగే చేతికీ మధ్య అర మీటరు దాకా ఉంటుంది. రెండూ కుదరవు. ఎఫ్/4కు మూసినా 29 సెంటీమీటర్లే. కాబట్టి చేతుల మీద ఫోకస్ పెట్టి ముఖాన్ని మెత్తగా వదిలేయండి, లేదా పక్కకు జరిగి చెయ్యీ ముఖమూ మీకు సమాన దూరంలో ఉండేలా నిలబడండి. రెండోది మేలు. గుడ్డ కుండ మీద వేసి తీసేది రెప్పపాటు పని, 1/250 సెకను లేకపోతే చెయ్యి చెరిగిపోతుంది.

స్టెబిలైజర్ ఉంది కదా అనుకోవద్దు. అది మీ చేతి వణుకును ఆపుతుంది, ఎదుటివారి కదలికను ఆపలేదు. నర్సాపురం–సఖినేటిపల్లి పంటు మీద మునిమాపువేళ మోటారుసైకిళ్ళు దిగుతుంటే 1/125, పరిగెత్తే పిల్లలకు 1/500, ఎగిరే కొంగకు 1/1600. పడవలోనూ పంటులోనూ మోచేతులు అంచుకు ఆనించకండి. ఇంజను అదురు నేరుగా కెమెరాలోకి ఎక్కుతుంది. నిలబడి, మోకాళ్ళు కాస్త వదులు చేసి, ఒళ్ళే స్ప్రింగులా ఉంచి 1/500 దగ్గర తీయండి. పుష్కర ఘాట్‌లో గోదావరి హారతికి దీపాల వెలుగే ఆధారం. 35 ఎఫ్/1.8, 1/125, ఐఎస్ఓ 1600 నుంచి మొదలుపెట్టి సర్దుకోండి.

5. ఇప్పుడు జత కట్టండి

ఒక్క లెన్స్‌తో తిరగాలనుకుంటే 18-135 దరిదాపులది. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌కు ఈఎఫ్-ఎస్ 18-135, నికాన్ డీఎస్ఎల్ఆర్‌కు 18-140, ఇవి అర కిలో దగ్గర ఉంటాయి. మిర్రర్‌లెస్‌లో బరువు తగ్గింది: సోనీ 18-135 బరువు 325 గ్రాములు, నికాన్ జెడ్ డీఎక్స్ 18-140 బరువు 315, కెనాన్ ఆర్ఎఫ్-ఎస్ 18-150 బరువు 310. ఫుల్ ఫ్రేమ్ సోనీ అయితే టామ్రాన్ 28-200, 575 గ్రాములు. నికాన్ జెడ్‌కు 24-120 ఎఫ్/4, 630 గ్రాములు.

దీని పక్కన ఒక చిన్న ప్రైమ్ పెట్టుకుంటే డెల్టాలో చేయలేని పని దాదాపు ఉండదు. నికాన్ డీఎక్స్ 35 ఎఫ్/1.8 బరువు 200 గ్రాములు. కెనాన్ ఈఎఫ్-ఎస్ 24 ఎఫ్/2.8 బరువు 125 గ్రాములే, చొక్కా జేబులో పడుతుంది. మా సలహా ఈ జతకే: బయట జూమ్, గడప దాటి లోపలికి వెళ్ళేటప్పుడు ప్రైమ్. మార్చడానికి వీధి అరుగు మీద నిమిషం చాలు.

18-55 ఇప్పటికే ఉండి డబ్బు తక్కువైతే దాన్ని అమ్మకండి, 55-250 గానీ 70-300 గానీ చేర్చండి. కెనాన్ ఈఎఫ్-ఎస్ 55-250 ఎస్‌టీఎం 375 గ్రాములు, పాతవి విరివిగా దొరుకుతాయి. ఇక్కడ నష్టం ఒకటే, 55 దగ్గర మాటిమాటికీ లెన్స్ మార్చాలి, ఆ 50-60 మి.మీ. డెల్టాలో తరచూ అవసరం పడుతుంది.

17-70 ఎఫ్/2.8, 18-50 ఎఫ్/2.8 లాంటి జూములు చీకటి గదులకూ పెళ్ళిళ్ళకూ మంచివి. సిగ్మా 18-50 మూడు వందల గ్రాముల లోపే. కానీ నది మీద, పొలం మీద 50 దగ్గర ఆగిపోతారు. ఇళ్ళు, బజార్లు, మనుషులే మీ ఆసక్తి అయితే ఇది తీసుకోండి, తోటలు నదీ అయితే వద్దు. 18-300 లాంటి పొడవు జూము ఒక్కటే అన్నీ చేస్తుంది గానీ 620 గ్రాములు రోజంతా మెడకు తెలుస్తుంది, చివర 300 దగ్గర ఎఫ్/6.3 కాబట్టి ఉదయపు మంచులో ఐఎస్ఓ ఎక్కుతుంది. పక్షులు మీ ప్రయాణంలో ముఖ్యమైతేనే అది, లేదా ఆర్ఎఫ్ 100-400, సోనీ 70-350 లాంటి విడి లెన్స్.

మరి అతి వైడ్? ఫోన్ ఉంది కదా. ఈ రోజుల్లో చాలా ఫోన్లలో అల్ట్రావైడ్ ఉంటుంది. ద్రాక్షారామం గోపురం, పడవ గది, తోట కింద నించుని పైకి చూసే మట్టల గొడుగు, ఇలాంటివి ఏడాదికి పది ఫొటోలు. వాటికోసం విడిగా లెన్స్ కొనడం కన్నా ఆ డబ్బు ప్రైమ్ మీద పెట్టండి. పగటి వెలుగులో ఫోన్ ఆ పని సరిగ్గానే చేస్తుంది.

6. కొనే ముందు పరీక్షించండి, పాతదైతే మరీను

పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళ కోసం లెన్సులు అద్దెకిచ్చేవాళ్ళు పట్టణాల్లో దొరుకుతారు. రెండు రోజులు అద్దెకు తెచ్చి మీ కెమెరా మీద వాడి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష.

వాడిన లెన్స్ చేతికి రాగానే రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. సాలెగూటి పోగుల్లాంటివి, మంచుపువ్వులాంటి మచ్చలు ఉంటే ఫంగస్. సముద్రపు గాలి, కాలవల తడి ఉన్న మన దగ్గర బీరువాలో మూసిపెట్టిన లెన్సుకు ఇది సాధారణం. అద్దం అంచున చిన్న చుక్క అయినా వదిలేయండి, అది పూతను తినేస్తే శుభ్రం చేశాక కూడా మచ్చ మిగులుతుంది. నాలుగు ధూళి రేణువులుంటే మాత్రం భయం లేదు.

తర్వాత ఇటుకగోడకు గానీ, గోడకు అతికించిన దినపత్రికకు గానీ నిటారుగా ఎదురుగా పెట్టి ఎఫ్/5.6 దగ్గర జూమ్ రెండు చివర్లా తీయండి. నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. మూలలు నాలుగూ కాస్త మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ స్వభావం. ఒక పక్క స్పష్టంగా, రెండో పక్క చెదిరి ఉంటే లోపలి అద్దం పక్కకు జరిగింది, ఎప్పుడో కిందపడి ఉంటుంది. తీసుకోవద్దు. లెన్స్ కిందికి వేలాడదీసి నడిస్తే జూమ్ దానంతటది జారుతుందేమో, మౌంట్ (కెమెరాకు బిగిసే చోటు) స్క్రూల తలలు అరిగి ఉన్నాయేమో, అంటే ఎవరో విప్పారేమో, చూడండి. అపర్చర్ రెక్కల మీద నూనె మెరుపు ఉంటే అవి అతుక్కుని ఫొటోలు తెల్లబోతాయి.

7. ఫిల్టర్ ఒక్కటి చాలు

పోలరైజర్. వరి ఆకు మీదా కొబ్బరి మట్ట మీదా ఎండ తెల్లగా మెరుస్తుంది, పచ్చదనం పాలిపోయినట్టు కనిపించడానికి కారణం అదే. పోలరైజర్ తిప్పితే ఆ మెరుపు పోయి అసలు రంగు బయటికొస్తుంది. సూర్యుడు మీ ఎడమకో కుడికో ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది, ఎదురుగానో వీపు వెనకో ఉంటే ప్రభావం తగ్గుతుంది. ఒకటి నుంచి రెండు స్టాపుల (ఒక స్టాపు అంటే సగం) వెలుతురు తింటుంది కాబట్టి చీకటి పడ్డాక తీసేయండి. నీటి దగ్గర చివరిదాకా తిప్పకండి. మెరుపంతా పోతే గోదారి మట్టినేలలా కనిపిస్తుంది, కాస్త వెలుగు నీటి మీద ఉండనివ్వాలి.

మీ లెన్సుల ముందు ఫిల్టర్ బిగించే వ్యాసాల్లో పెద్దది, చాలావరకు 67 మి.మీ., చూసి దానికే కొని, చిన్నవాటికి స్టెప్-అప్ రింగు (పెద్ద ఫిల్టర్‌ను చిన్న లెన్స్‌కు బిగించే రింగు) వేసుకోండి.

8. ఉప్పు, ఆవిరి, బూజు

అంతర్వేదిలో గానీ యానాం దగ్గర గానీ సముద్రపు గాలి తగిలిన రోజున, గదికి రాగానే లెన్స్ బయటి భాగాన్ని మంచినీటితో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. ముందు అద్దం మీద ఉప్పు చుక్కలు ఎండిపోతే పొడిగుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి. బ్లోయర్‌తో ఊది, లెన్స్ ద్రవం వేసిన గుడ్డతో మధ్య నుంచి అంచుకు తీసుకురండి. ఇసుక మీద లెన్స్ మార్చవద్దు, ఎంత గాలి లేదనిపించినా సరే.

అమలాపురంలో ఏసీ గదిలోంచి మే నెల ఎండలోకి వస్తే అద్దం మీద పొగమంచు కమ్ముకుంటుంది. తుడిస్తే మళ్ళీ కమ్ముతుంది, ఆ సమయంలో లెన్స్ విప్పితే సెన్సర్ మీదకూ పాకుతుంది. బయల్దేరే అరగంట ముందు సంచి మూసే ఉంచి వరండాలో పెట్టండి. లోపలి వస్తువు నెమ్మదిగా వేడెక్కుతుంది, ఆవిరి పట్టదు. మోటారుసైకిల్ మీద వెళ్ళేవాళ్ళు సంచిని ట్యాంకు మీద కాకుండా వీపున వేసుకోండి. ట్యాంకు అదురుకు లెన్స్ లోపలి స్క్రూలు వదులవుతాయి.

ఇంట్లో దాచడానికి రబ్బరు అంచున్న గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, పావుకిలో సిలికా జెల్, చిన్న తేమ మీటరు, ఇవి చాలు. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య చూపించాలి. 60 దాటి రోజులు గడిస్తే బూజు మొలకెత్తుతుంది. 30 కంటే తగ్గినా మంచిది కాదు, లోపలి గ్రీజు ఎండుతుంది. సిలికా గింజల్లో నీలం కన్నా నారింజరంగువి కొనండి, నీలం వాటిలో కోబాల్ట్ ఉంటుంది. నారింజ గింజలు ముదురు ఆకుపచ్చకు తిరిగాయంటే తడి నిండిందని, అప్పుడు ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలుంచితే మళ్ళీ పనికొస్తాయి. సిలికా బదులు డబ్బాలో బియ్యం పోసే అలవాటు మన ఇళ్ళలో ఉంది. తడి పెద్దగా పీల్చకపోగా సన్నటి పిండిధూళి జూమ్ రింగులోకి దూరుతుంది. లెన్స్‌తో వచ్చిన తోలు సంచిలో పెట్టి మూయడం కూడా అంతే చెరుపు, తోలు తడిని పట్టుకుని ఉంచుతుంది. జూన్ నుంచి నవంబరు దాకా వారానికొకసారి డబ్బా తెరిచి, లెన్స్ బిగించి, జూమ్ ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగుసార్లు తిప్పి, టార్చి వేసి చూసి మళ్ళీ పెట్టండి.